రోడ్డు ఊడ్చే మనిషి

ఈ వ్యాసంలోని పెద్దాయన ముఖం మీరెప్పుడూ చూసి ఉండరు. వీపు మాత్రం చాలాసార్లు చూశారు. హీరోగారు మోటార్ సైకిలెక్కి దుమ్ము రేపుకుంటూ దూసుకుపోతుంటే హాల్లో మనమంతా ఈలలు వేశామే... ఆ వీపుల్లో కొన్ని ఈయనవే! గోదావరి జిల్లాలో పుట్టి, మీసాలు రాకముందే మద్రాసు రైలెక్కి, వడపళనిలో డూప్‌గా బతుకు మొదలుపెట్టి, పరిశ్రమ వెనకాలే హైదరాబాదు వచ్చి కృష్ణానగర్‌లో స్థిరపడ్డ మనిషి. వయసు డెబ్భైకి అటూ ఇటూ. పేరు రాయొద్దన్నాడు. "ఇన్నేళ్ళూ ముఖం కనపడకుండా బతికాను బాబూ, ఇప్పుడు పేరెందుకు?" అని నవ్వేశాడు. అందుకని మనమూ 'మాస్టారు' అనే అనుకుందాం.

ఇంతకీ సినిమా కబుర్ల మధ్య ఈ మోటార్ సైకిల్ గోల ఏమిటంటారా? కారణం మా మేనల్లుడు.

వాడు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. సీటొచ్చిందన్న సంబరంలో మా బావగారు కొత్త బండి కొనిచ్చారు. మూడో వారానికల్లా వాడు రెండు చేతులూ వదిలేసి, కళ్ళజోడు సర్దుకుంటూ బండి నడుపుతున్న వీడియో ఒకటి మా అక్క ఫోన్లోకి వచ్చింది. ఆ రాత్రి పదకొండింటికి అక్క ఫోను.

"ఒరేయ్, నువ్వు సినిమావాళ్ళ మధ్య తిరుగుతావుగా! నేను చెబితే వాడు వినడు. వాడు నమ్మేది సినిమావాళ్ళనే. ఎవరిచేతనైనా చెప్పించరా... నాకు నిద్ర పట్టడం లేదు."

హీరోలెవరూ నా మాట మీద మా మేనల్లుడి కోసం రారు. నాకు తెలిసిన సినిమా మనిషి మాస్టారే. ఒక ఆదివారం పొద్దున్నే శంషాబాద్ అవతల, ఇళ్ళింకా లేవని ఓ లేఅవుట్ రోడ్డు మీదికి రమ్మన్నాడాయన. మా వాడు ఎగిరి గంతేశాడు. ముందు చక్రం గాల్లోకి లేపడం నేర్పుతారని వాడి ఆశ!

మొదటి చివాట్లు నాకే

మేం వెళ్ళేసరికి మాస్టారు పాత స్కూటర్ పక్కన నిలబడి టీ తాగుతున్నాడు. మా వాడి హెల్మెట్ బండి అద్దానికి వేలాడుతోంది. నాది నెత్తిమీదే ఉంది. 'నయం, నా పరువు దక్కింది' అనుకుంటున్నాను. ఆయన దగ్గరికొచ్చి రెండు వేళ్ళతో నా హెల్మెట్‌ని వెనకనుంచి పైకి తోశాడు. కొబ్బరిచిప్పలా ఊడి చేతిలోకొచ్చింది.

"పట్టీ పెట్టుకోలేదు. దీన్ని టోపీ అంటారు బాబూ, హెల్మెట్ అనరు. నువ్వు పడేలోపు ఇది నీకంటే ముందు పడిపోతుంది."

పన్నెండేళ్ళుగా బండి నడుపుతున్న నేను మేనల్లుడి ముందు నీళ్ళు నమిలాను. వాడు కిసుక్కున నవ్వాడు. మాస్టారు వాడివైపు తిరిగాడు. "నువ్వు నవ్వకు అబ్బాయ్. మావయ్యది కనీసం నెత్తిదాకా వచ్చింది. నీ హెల్మెట్ అద్దాన్ని కాపాడుతోంది."

ఆ తర్వాత బండికి స్టాండు వేయించి, "రా, నడుద్దాం" అన్నాడు. మా వాడి ముఖం చిన్నబోయింది.

రెండు వందల గజాలుంటుందేమో ఆ రోడ్డు. దాని ఈ చివరనుంచి ఆ చివరిదాకా, మళ్ళీ ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడిపించాడు. కనబడిన ప్రతి కంకర రాయినీ వంగి తీసి తువ్వాల్లో వేసుకుంటున్నాడు. మలుపులో ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించిన ఇసుక, రోడ్డు మీదికి జారి పల్చగా పరుచుకుని ఉంది. ఒకచోట ఏ ట్రాక్టరో కార్చిన ఆయిలు మరక. ఇంకోచోట నున్నగా అరిగిన మ్యాన్‌హోల్ మూత. "ఇవన్నీ వచ్చేటప్పుడు చూశావా?" అని మా వాణ్ణి అడిగాడు.

వాడు చూడలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ చూడలేదు.

"గత పదిహేనేళ్ళుగా నా ఉద్యోగం ఇదే. షాట్‌కి ముందు రోడ్డు నడుస్తాను, ఊడుస్తాను. నేను చెయ్యి ఊపితేనే కుర్రాడు బండి కదిలిస్తాడు."

గుప్పెడు కంకర

ఆయన ఈ పనిలోకి రావడానికి ఓ కారణం ఉంది. ఎనభైల్లో మాట. వడపళనిలో ఆయనతో ఒకే గదిలో ఉండే కుర్రాడు, ఒకే కంచంలో తిన్నవాడు, ఓ అవుట్‌డోర్ షూటింగులో హీరోకి డూప్‌గా బండి నడుపుతున్నాడు. హీరో పాత్రకి హెల్మెట్ లేదు కాబట్టి డూప్‌కీ లేదు. నెత్తిమీద విగ్గు మాత్రమే! పొద్దున రెండు రిహార్సల్స్ బ్రహ్మాండంగా జరిగాయి. భోజనాల వేళకి యూనిట్ లారీ ఒకటి ఆ మలుపులో చక్రం కిందికి దింపి మళ్ళీ రోడ్డెక్కింది. దాని టైర్లతో పాటు గుప్పెడు కంకర రోడ్డు మీదికొచ్చింది. ఎవరూ చూడలేదు. చూడటం ఎవరి పనీ కాదు కాబట్టి!

"వాడు బతికాడు. కానీ మళ్ళీ బండెక్కలేదు. మాట తడబడేది. మొన్నమొన్నటిదాకా వాళ్ళ ఊళ్ళో కిళ్ళీ కొట్టు పెట్టుకుని ఉన్నాడు. పొద్దున ఎలా ఉందో మధ్యాహ్నం కూడా రోడ్డు అలాగే ఉంటుందనుకున్నాం చూడు... అదే మా తప్పు."

ఇది వింటుంటే నాకు 2021 సెప్టెంబర్ 10, వినాయక చవితి రాత్రి గుర్తొచ్చింది. సాయిధరమ్ తేజ్ దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గర స్పోర్ట్స్ బైక్ మీద వెళుతూ పడిపోయిన వార్త పరిశ్రమనంతా కుదిపేసింది. రోడ్డు మీది ఇసుక వల్ల బండి జారిందన్నారు. ఆయన తలమీద హెల్మెట్ ఉంది. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండి లేచొచ్చాడు, 2023లో 'విరూపాక్ష'తో మళ్ళీ ప్రేక్షకుల ముందుకొచ్చాడు. హెల్మెట్ వల్లే బతికానని ఆ తర్వాత ఎన్నో వేదికల మీద తనే చెప్పాడు.

అందరికీ అంత అదృష్టం దక్కలేదు. 2010లో కోట శ్రీనివాసరావుగారి కుమారుడు ప్రసాద్, 2011లో క్రికెటర్ అజారుద్దీన్ కుమారుడు... ఇద్దరినీ పొట్టనపెట్టుకున్నది మోటార్ సైకిల్ ప్రమాదాలే. వెండితెర మీద ఎందరినో గడగడలాడించిన కోటగారు కొడుకు కోసం కుమిలిపోవడం మనమంతా చూశాం.

ఇరవై నాలుగు ఫ్రేముల మాయ

"మరి సినిమాల్లో వంద మీద వెళ్తారు కదా తాతగారూ?" అన్నాడు మా వాడు. వాడి అనుమానం వాడిది!

మాస్టారు పగలబడి నవ్వాడు. సినిమా కెమెరా మామూలుగా సెకనుకి 24 ఫ్రేములు తీస్తుంది. ఛేజింగ్ సీనులో కొన్ని షాట్లని 12 ఫ్రేముల్లో తీసి, తెరమీద 24లోనే చూపిస్తారు. అంటే నలభైలో వెళ్ళిన బండి మనకి ఎనభైలో కనబడుతుంది. కెమెరాని నేలకి ఆనించి పెడితే ఇంకా వేగంగా అనిపిస్తుంది. దానికి తోడు ఎడిటింగ్, హోరెత్తించే రీరికార్డింగ్. ఇక హీరోగారి ముఖం దగ్గరగా చూపించే షాట్లు చాలావరకు బండిని ట్రాలీ మీద కట్టేసి, ముందు వాహనంతో లాగిస్తూ తీసేవే. గాల్లోకి ఎగిరే బండికి తాళ్ళుంటాయి. వాటిని తర్వాత కంప్యూటర్లో చెరిపేస్తారు. పడేచోట అట్టపెట్టెలు, పరుపులు. చొక్కా కింద మోచేతులకీ మోకాళ్ళకీ ప్యాడ్లు. రెండువైపులా ట్రాఫిక్ బంద్. పక్కనే అంబులెన్స్.

"ఒక్క బండి నడవడానికి యాభై మందిమి కాపలా కాస్తాం అబ్బాయ్. నువ్వు బయట నడిపేటప్పుడు ఆ యాభై మంది పనీ నువ్వొక్కడివే చెయ్యాలి. రోడ్డు ఊడ్చేవాడూ నువ్వే, ట్రాఫిక్ ఆపేవాడూ నువ్వే. నీకు చీపురు లేదు. కళ్ళున్నాయి."

మా అక్క నెల రోజులుగా 'మెల్లగా వెళ్ళరా' అని నెత్తీ నోరూ బాదుకున్నా రాని మౌనం మా వాడి ముఖంలో అప్పుడు కనబడింది.

బ్రేకు వేసే కళ

అక్కణ్ణుంచి అసలు పాఠం మొదలయింది. మా వాణ్ణి ముప్ఫైలో వచ్చి, తను గీసిన సున్నపు గీత దగ్గర బ్రేకు వెయ్యమన్నాడు. వాడు కాలి బ్రేకు ఒక్కటే తొక్కాడు. వెనక చక్రం బిగుసుకుని బండి పాములా మెలికలు తిరిగింది. వాడి ముఖం పాలిపోయింది.

"ముందు బ్రేకంటే భయమా?"

"ముందుది వేస్తే పల్టీ కొడతామని మా ఫ్రెండ్స్..."

"వాళ్ళకీ తెలీదు. బ్రేకు వెయ్యగానే బరువంతా ముందు చక్రం మీదికొస్తుంది. వెనక చక్రం తేలికైపోతుంది. అందుకని ఆపే బలం ముందు బ్రేకుకే ఎక్కువ. కాకపోతే దాన్ని నిమ్మకాయ పిండినట్టు మెల్లగా బిగించాలి, గుంజకూడదు. రెండూ కలిపి వెయ్యి. బండి నిటారుగా ఉన్నప్పుడు వెయ్యి. వాలినప్పుడు, ఇసుక మీద ఉన్నప్పుడు ముందుదాని జోలికి పోవద్దు. మలుపులోకి వెళ్ళాక బ్రేకు వేసేవాడు ఆలస్యంగా మేల్కొన్నవాడు. వేగం తగ్గించేది మలుపు ముందే."

125 సీసీ దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది కదా అని నేను నా పాండిత్యం ప్రదర్శించాను. అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుందనీ, మంచిదేననీ మాస్టారు ఒప్పుకున్నాడు. "కానీ వంచిన బండి కింద ఇసుకుంటే దాన్ని ఏబీఎస్ ఊడ్చిపెట్టదు బాబూ" అన్నాడు.

ఆ తర్వాత చిన్న లెక్క. గంటకి 60 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. ఎదురుగా కుక్క అడ్డమొచ్చిందని కన్ను చూసి, చెయ్యి బ్రేకు మీదికి వెళ్ళేలోపు ఓ సెకను ఇట్టే గడిచిపోతుంది. అంటే బ్రేకు పడకముందే ఓ ఆర్టీసీ బస్సు పొడవుకంటే ఎక్కువ దూరం వెళ్ళిపోయాం! పైగా వేగం రెట్టింపయితే బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. ముప్ఫైలో వెళ్ళేవాడికి చాలిన జాగా అరవైలో వెళ్ళేవాడికి ఏ మూలకీ రాదు.

ముందు బండికీ మనకీ ఎంత దూరం ఉండాలన్నదానికి ఆయన చెప్పిన ఉపాయం చాలా సులువు. ముందు వాహనం ఏదో ఒక స్తంభం దాటగానే మనసులో 'వెయ్యిన్నొకటి, వెయ్యిన్రెండు' అనుకోవాలి. ఆ మాట పూర్తయ్యేలోపే మనం ఆ స్తంభం దాటేశామంటే మరీ అంటిపెట్టుకుని వెళుతున్నామన్నమాట. వానలో అయితే నాలుగుదాకా లెక్కపెట్టాలి.

నిన్నెవరూ చూడలేదు

"హీరో వస్తుంటే అందరూ పక్కకి తప్పుకుంటారు. నువ్వొస్తుంటే ఎవరూ చూడరు. అలా అనుకునే నడుపు."

ఈ ఒక్క మాటా అర్థం చేసుకుంటే సగం ప్రమాదాలు తప్పుతాయంటాడు మాస్టారు. కూడలిలో కుడివైపు తిరగబోతున్న కారు డ్రైవరు మనవైపు చూసినా, అతని కంటికి మనం ఆనామన్న నమ్మకం లేదు. అతని ముఖం కంటే ముందు చక్రాన్ని చూడాలి. చక్రం కదిలిందంటే కారు వస్తున్నట్టే. బస్సుకీ లారీకీ ఎడమ పక్కన సందుంది కదా అని దూరకూడదు. డ్రైవరుకి అక్కడ మనం కనబడం. ఆగి ఉన్న కార్ల పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఏ తలుపైనా తెరుచుకోవచ్చని బారెడు దూరం ఉంచాలి. ఆగి ఉన్న బస్సు ముందునుంచి ఏ పిల్లవాడో పరుగెత్తుకు రావచ్చు.

గుంట కనబడితే దానికేసే చూస్తూ ఉండిపోతే బండి తిన్నగా అందులోకే పోతుంది. చూపు ఎటు ఉంటే బండి అటు. కాబట్టి తప్పించుకుపోయే దారికేసి చూడాలి. డూప్‌లకి మొదటి రోజున నేర్పే పాఠం ఇదేనట!

ఇక మన రోడ్ల సంగతులు ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండవు. తొలకరి చినుకులు పడగానే రోడ్డు మీద పేరుకున్న ఆయిలూ దుమ్మూ కలిసి జారుడుబల్ల తయారవుతుంది. ఓ పావుగంట ఎక్కడైనా ఆగి, గట్టిగా వాన కడిగాక బయల్దేరడం మేలు. తడిసిన తెల్లచారలూ, ఫ్లైఓవర్ మీది ఇనప పట్టీలూ బండి వంచడానికి పనికిరావు. కోతల కాలంలో పల్లె రోడ్ల మీద వడ్లూ మొక్కజొన్నలూ ఆరబోస్తారు. వాటిమీద టైరు గోళీల మీద కాలేసినట్టే. చీకట్లో వెనక లైటు లేని ట్రాక్టర్లు, రంగు వెలిసిన స్పీడ్ బ్రేకర్లు, రోడ్డు మధ్యన నెమరేసుకుంటున్న గేదెలు... ఎదుటివాడి లైటు కళ్ళలో పడితే దానికేసి చూడకుండా రోడ్డు ఎడమ అంచుని పట్టుకుని వెళ్ళాలి. మన దీపం వెలుగు ఎంత దూరం పడుతుందో అంతలోపు ఆగగలిగిన వేగమే రాత్రిపూట వేగం.

బయల్దేరేముందు నిమిషం సేపు బండి చుట్టూ తిరగమన్నాడు. టైర్లలో గాలి, బ్రేకులు, దీపాలు, చైను. చివరగా సైడ్ స్టాండు. దాన్ని తియ్యడం మర్చిపోయి ఎడమవైపు తిరిగినవాళ్ళని ఆయన చాలామందిని లేవదీశాడట. వెనక ఆడవాళ్ళు కూర్చుంటే చీర కొంగో చున్నీయో చక్రంలో పడకుండా ఒడిలో దోపుకున్నారో లేదో చూసుకోవలసిన బాధ్యత నడిపేవాడిదే!

నెత్తిమీది థర్మోకోల్

మాస్టారు తన పాత హెల్మెట్ ఒకటి తెచ్చాడు. కోసి రెండు ముక్కలు చేసినది. పైన గట్టి డొప్ప, లోపల దళసరి థర్మోకోల్ పొర. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర నలిగిపోయి, మన తలకి తగలవలసిన దెబ్బలో చాలా భాగాన్ని తను తినేస్తుంది. ఒకసారి నలిగిన పొర మళ్ళీ లేవదు. అందుకే గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ని, పైకి నిగనిగలాడుతున్నా సరే, పారెయ్యాలి. ఎవరో వాడినది కొనకూడదు. బుగ్గలు నొక్కుకున్నంత బిగువుగా ఉండాలి. ఐఎస్ఐ గుర్తు ఉండాలి. 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్ అమ్మడమే నేరం.

వెనక కూర్చున్నవాళ్ళకెందుకని చాలామంది అడుగుతారు. కన్నడ నటుడు సంచారి విజయ్ జాతీయ ఉత్తమ నటుడు. 2021 జూన్‌లో బెంగుళూరులో స్నేహితుడి బండి వెనక కూర్చుని వెళుతూ ప్రమాదంలో తలకి దెబ్బ తగిలి కన్నుమూశాడు. మోటారు వాహనాల చట్టం నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ, వెనక సీటుతో సహా, హెల్మెట్ తప్పనిసరి అంటోంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్ళినవాళ్ళే. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్ళు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు.

హెల్మెట్ తర్వాత బూట్లు, దళసరి ప్యాంటు, చేతి తొడుగులు. పడేటప్పుడు ఎవరైనా ముందు చాపేది అరచేతులే. మా వాడు వేసుకొచ్చిన రబ్బరు చెప్పులకేసి మాస్టారు చూసిన చూపుకి నేను వేరే అర్థం చెప్పక్కర్లేదు.

చివరగా ఇంకో మాట. ఎవరైనా పడితే ఫోను తీసి వీడియో పట్టకుండా ముందు 108కి చెయ్యాలి. పడ్డవాడు ఊపిరి తీసుకుంటుంటే హెల్మెట్‌ని లాగెయ్యకూడదు. మెడ ఎముకకి దెబ్బ తగిలి ఉంటే మనమే ప్రాణం తీసినవాళ్ళమవుతాం.

రీటేక్ లేని షాట్

పదకొండయింది. ఎండ ముదిరింది. మా వాడు ఇరవైసార్లు బ్రేకు వేసి వేసి, చివరి అయిదుసార్లూ సున్నపు గీత దాటకుండా ఆపాడు. మాస్టారు 'ఓకే' అన్నాడు, అచ్చం షాట్ అయ్యాక అన్నట్టు.

వాడు బండి దగ్గరికి వెళ్ళాక నేను గొంతు తగ్గించి అడిగాను. "దారికొచ్చినట్టేనా మాస్టారూ?"

"పది రోజులు గుర్తుంటుంది బాబూ. ఆ తర్వాత మళ్ళీ హీరో అవుతాడు. అప్పుడు నువ్వు గుర్తుచెయ్యాలి. నువ్వు పట్టీ పెట్టుకోకుండా చెప్పావనుకో... వాడు వినడు."

నేను మాట్లాడలేదు. గడ్డం కింద పట్టీ బిగించుకున్నాను. 'టక్' మన్న ఆ శబ్దం మా వాడికి వినబడినట్టుంది, వెనక్కి తిరిగి చూశాడు.

తిరుగు ప్రయాణంలో వాడు ముందు, నేను వెనక. పొద్దున మేం చూడకుండా దాటొచ్చిన ఆ ఇసుక మలుపు వచ్చింది. చాలా ముందునుంచే వాడి బండి వేగం తగ్గింది. నిటారుగా, నింపాదిగా, ఇసుక లేని అంచు వెంట దాటాడు. అంతే. ఈలలెవరూ వెయ్యలేదు.

సాయంత్రం అక్క ఫోను. "ఏం చెప్పారురా అంతసేపు?"

"రోడ్డు చూసుకుని నడపమన్నారక్కా."

"ఆ మాట నేను చెప్పడం లేదూ రోజూ!"

చెబుతూనే ఉంది పాపం. కాకపోతే మాస్టారు చెప్పే ముందు నడిచి చూపించాడు. ఆ రోజు ఆయన ఏరిన కంకరలో గుప్పెడు మా వాడు జేబులో వేసుకొచ్చాడట. వాడి టేబుల్ మీద గాజు గ్లాసులో ఉంది. గది ఊడ్చేటప్పుడు దాన్ని పారెయ్యొద్దని మా అక్కకి చెప్పాను.